గుమ్మం దాటాక అడగాల్సిన ప్రశ్న

ఏప్రిల్ 3

అక్కా,

ముఖం మాడ్చుకుని కూర్చోవడం వేరు, ఎదురుచూస్తూ కూర్చోవడం వేరు. ఇన్నేళ్ళుగా నా ముఖం చూస్తున్న మీ ఇద్దరికీ ఆ తేడా తెలియలేదంటే తప్పు నా ముఖానిదే అయి ఉంటుంది. వాళ్ళని చలిలో బయట నిలబెట్టావట, దారి పొడుగునా మూతి బిగించుకున్నావట, ఎన్నాళ్ళకో ముగ్గురూ కలిసి వెళ్తే ఆఖరి రోజు పాడుచేశావట అని అమ్మ నిన్న ఫోన్లో నిలదీసింది. ఆ 'అట'లన్నీ అమ్మ ఉంటున్న అన్నయ్య ఇంట్లో పుట్టాయో, నీ ఇంట్లో పుట్టి అక్కడికి వెళ్ళాయో నాకు తెలియదు. నువ్వేమో ఫోన్ ఎత్తడం లేదు. అందుకే రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో కట్ చెయ్యలేవు కదా.

పరాయి ఊళ్ళో తిరిగిన ఆ మూడు రోజుల్లో పాడైంది ఏదీ నాకు గుర్తు రావడం లేదు. హోటల్ గదిలో రెండు మంచాలూ ఒక మడత మంచమూ చూడగానే ముగ్గురం ఒక్కసారే మడత మంచం వైపు పరుగెత్తడం గుర్తుంది. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క మడత మంచం కోసం కొట్టుకున్న కొట్లాటలు ఒంట్లోంచి పోలేదు మరి. ఊరందరికీ కళ్ళద్దాలు అమ్మే అన్నయ్య తన అద్దాలు సబ్బుపెట్టెలో పెట్టుకుని గదంతా వెతకడం గుర్తుంది. నువ్వు తడిసిన మేజోళ్ళు టేబుల్ లైటు మీద ఆరేసి, "కాలితే కాలాయి, తడివి మాత్రం తొడుక్కోను" అన్నది గుర్తుంది. ఆ తర్వాత నువ్వు పెట్టె అడుగునుంచి నీలం ఫ్లాస్కు తీశావు.

నాన్న ఉన్నప్పటి, మూత అంచు విరిగిన అదే ఫ్లాస్కు. పట్టీ మాత్రం కొత్తది కుట్టించావు. దాన్ని చూసి అన్నయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

వారమంతా కరెంటు మీటర్లు చూసుకుంటూ, ఎవరో రాసిచ్చిన వీధుల్లో తిరిగే నాన్న ఆదివారం పొద్దున్నే మంచం మీద కూర్చుని, "ఇవాళ నన్ను ఎవరు తీసుకెళ్తారర్రా?" అనేవాడు. ఎవరి వంతైతే వాళ్ళ భుజానికి ఫ్లాస్కు. ఫ్లాస్కు ఉన్నవాళ్ళే ఆ రోజుకి పెద్ద. ఎక్కడికి నడిస్తే అక్కడికి మిగతావాళ్ళు నడవాలి, నాన్నతో సహా. ఎక్కడికి, ఎందుకు అని దారిలో అడక్కూడదు. ఇంటికి తిరిగొచ్చి గుమ్మం దాటాక తలా ఒక్క ప్రశ్న అడగొచ్చు, పెద్ద నిజం చెప్పాలి. ఇదంతా నీకే తెలుసు, నీకే చెబుతున్నాను. చెప్పడం బాగుంది కాబట్టి చెబుతున్నాను.

ఆ ఊళ్ళోనూ అలాగే వంతులేసుకున్నాం, శుక్రవారం నీది. నాలుగు మ్యూజియంలు చూపించావు, వార్డులో రౌండ్లు వేసినట్టు, ఒక్కో బొమ్మ ముందూ ఒక్క నిమిషం. శనివారం అన్నయ్యది. ట్రాం ఎక్కి ఆఖరి స్టాపు దాకా తీసుకెళ్ళాడు, అక్కడ గోడౌన్లు తప్ప ఏమీ లేవు. అడక్కూడదు కాబట్టి గోడౌన్ల మధ్య వానలో తిరిగాం. నవ్వాపుకోలేక నీకు ఎక్కిళ్ళు వచ్చాయి.

ఆదివారం నాది. ఫ్లాస్కు తగిలించుకుని వంతెన దాటించి, రాళ్ళు పరిచిన సందులోకి తీసుకెళ్ళాను. అన్నయ్య గొడుగు తిప్పుకుంటూ వచ్చాడు. నువ్వు పది అడుగులు వెనక, రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, ఎప్పుడైపోతుందా అన్నట్టు నడిచావు. కార్ఖానా లోపలికి రమ్మంటే ఇద్దరూ తలడ్డంగా ఊపి గాజు తలుపు బయటే నిలబడిపోయారు. ఇక తిరిగొచ్చేటప్పుడంతా నేను ఎదురుచూశాను. గుమ్మం దాటాక అడుగుతారు, చెబుదాం అని. మీరు అడగలేదు. నా రోజు కాబట్టి ఓర్చుకున్నారు, అంతే.

సరే, అడక్కుండానే చెబుతున్నాను. అది గ్లోబులు చేసే కార్ఖానా. పిల్లల బడికి కొనే ప్లాస్టిక్‌వి కావు. సున్నపు బంతి మీద కాగితం అతికించి, చేత్తో రంగులేసి చేసేవి. కాలేజీలో భూగోళం చదివిన దగ్గర్నుంచీ నాకు ఆ పిచ్చి ఉంది. ఆరు నెలలుగా గదిలో బంతుల మీద కాగితాలు అతికించి వాళ్ళకి ఫొటోలు పంపుతున్నాను. ఒక పూట వచ్చి చేసి చూపించమన్నారు. చేశాను. పనిలోకి రమ్మంటున్నారు. ఈ నెలాఖరులోగా ఔనో కాదో చెప్పాలి. ఇల్లు వాననీళ్ళలో మునిగిన వాళ్ళకి 'మీ పాలసీలో అది రాదండీ' అని ఫోన్లో చెప్పే ఈ బీమా ఉద్యోగం మానెయ్యాలి.

నువ్వేమంటావో రాయి. అన్నయ్యకి విడిగా రాయను, నువ్వు ఎలాగూ చదివి వినిపిస్తావు.

మడత మంచం గెలిచిన
నీ చెల్లెలు


ఏప్రిల్ 9

ఒసే బొంగరం,

మధ్యాహ్నం కాన్పుల వార్డు కాస్త సద్దుమణిగాక, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా రాస్తున్నాను. ఫోన్ ఎత్తనిది నిజమే. ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను, మీ బావ టీవీ సౌండు పెంచుతారు. ఇదే నయం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చదివినకొద్దీ ఒళ్ళు మండింది. భూగోళమట, సున్నపు బంతట. నేను రోజూ తొలిచూలు వాళ్ళతో మాట్లాడే మనిషిని. ఎవరు ఏం దాస్తున్నారో ముఖం చూస్తే తెలుస్తుంది నాకు.

ఏ ఊరు వెళ్దామని అడిగితే మేం చెప్పిన మూడింటినీ తోసేసి ఆ ఊరే అన్నావు. మాతో తిరగాలన్న సరదా అనుకున్నాను. ఆదివారం పూట ఏ కార్ఖానా తెరుస్తారే? వీధిలో షట్టర్లన్నీ మూసే ఉన్నాయి. నువ్వు తలుపు తట్టగానే ఆ గడ్డం మనిషి కాచుకుని ఉన్నట్టు తీశాడు. మేం గాజులోంచి చూశాం. చూడాలని కాదు, ఎదురుగా కనబడుతుంటే కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి? అతను వెనక నిలబడి నీ రెండు మణికట్లూ పట్టుకున్నాడు. నువ్వు విడిపించుకోలేదు. నవ్వావు కూడా. మీ అన్నయ్య గిరుక్కున తిరిగి రోడ్డు చూడటం మొదలుపెట్టాడు. బయటికొచ్చాక నీ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

ఇప్పుడు చెప్పు, మేం ఏమనుకోవాలి? అడగలేదంటావు. నాన్న పెట్టిన కట్టుబాటు తప్పకూడదని అడగలేదే. ఆ సందులో నోరు విప్పకుండా నిలబడటం మాకేం తేలిక కాలేదు. గుమ్మం దాటాక అడగాలని నువ్వే అన్నావు. ఏ గుమ్మం? విమానం దిగాక నువ్వు నీ బస్సెక్కావు, వాడు వాడి కారెక్కాడు, నేను రైలెక్కాను. ముగ్గురం కలిసి దాటే గుమ్మం ఎక్కడుంది మనకి? రైల్లో కూర్చుని నేను దీని గురించే ఆలోచించాను.

అమ్మకి నేను చెప్పలేదు. మీ అన్నయ్య కడుపులో ఏదీ దాగదని తెలుసు కదా. అమ్మ మొదటి రోజు ఏడ్చింది, రెండో రోజు కోప్పడింది, మూడో రోజు "ఆ గడ్డం ఎప్పుడూ ఉంటుందా, చలికి పెంచాడా?" అని అడిగింది. మీ బావైతే, మంచివాడైతే భోజనానికి పిలవండి, ఇందులో గొడవేముంది అంటున్నారు. ఎవరూ నీ పీక నొక్కడం లేదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పు. మధ్యలో ఈ ఉద్యోగం ముసుగెందుకు? నువ్వు ఇప్పటికి మూడు ఉద్యోగాలు మారావు. నాలుగోది పరాయి దేశంలో, కాగితాలు అతికించడమట. నమ్మేలా చెప్పినా కొంత బాగుండేది.

అతని వివరాలు రాయి. వాళ్ళవాళ్ళు ఎవరు, ఏం చదివాడు, అన్నీ.

వార్డులో గంట మోగుతోంది.
మీ అక్క


ఏప్రిల్ 14

అక్కా,

వివరాలు అడిగావు, రాస్తున్నాను. అతనికి నా పేరు తెలియదు. నాకు అతని పేరు తెలియదు. ఆ పూటంతా అతను నాతో అన్నది ఒకే ఒక్క మాట, "మణికట్టు". ఇంకో రెండుసార్లు అదే మాట మళ్ళీ అన్నాడు. గడ్డం ఎప్పటిదో నేను అడగలేదు, అందులో జిగురు మాత్రం అంటుకుని ఉంది. అమ్మకి ఇది చెప్పు.

కాగితం సన్నటి పడవల ఆకారంలో కత్తిరించి ఉంటుంది, రెండు కొసలూ సూదిగా. దాన్ని జిగురులో తడిపి, పై కొస నుంచి కింది కొస దాకా బంతికి అతికించాలి. తడిస్తే కాగితం సాగుతుంది. చెయ్యి బిగిస్తే చిరుగుతుంది, మరీ వదిలేస్తే ముడత పడుతుంది. పక్క ముక్కతో అంచు కలవకపోతే నదులు సముద్రం చేరకుండా మధ్యలో తెగిపోతాయి. నేను మొదటి ముక్క చింపేశాను. రెండోది చింపబోతుంటే అతను వచ్చి మణికట్లు పట్టుకుని, ఎంత వదులుగా ఉంచాలో చూపించాడు. నీ వార్డులో కొత్త పిల్లకి పసిగుడ్డును ఎత్తుకోవడం నువ్వు ఎలా నేర్పుతావో అలా. నవ్వానంటావు, నవ్వాను. అంచు కలిసింది కాబట్టి నవ్వాను.

కార్ఖానా యజమాని ఒక పెద్దావిడ. గాజు తలుపుకి ఎడమవైపు బల్ల దగ్గర కూర్చుని ఉంది, మీకు కనబడలేదు. మామూలు రోజుల్లో కొనేవాళ్ళు వస్తూ పోతూ ఉంటారని, నా కోసం ఆదివారం తెరిపించింది. ఒక్కసారి తలుపు నెట్టి ఉంటే సరిపోయేది. ఊరందరికీ చూపు సరిచేసే అన్నయ్యా, కడుపులో ఉన్న బిడ్డ తిరిగిందో లేదో చెయ్యి పెట్టి చెప్పే నువ్వూ గాజు బయట నిలబడి ఒక మనిషి రెండు చేతులు చూశారు, నన్ను చూడలేదు.

మూడు ఉద్యోగాల లెక్క తీశావు. ఎందుకు మానేశానని ఎవరైనా ఒక్కసారి అడిగారా? మొదటి దానిలో మేనేజరు నా పని తన పేరు మీద పంపేవాడు. రెండోది మూతపడింది. మూడోది ఇదిగో, ఇంకా చేస్తూనే ఉన్నాను. మీరు అడగరు. బొంగరం అని పేరు పెట్టుకున్నాక ఇంక కారణాలెందుకు? నాకు బాగా కడుపుమంట పుట్టించేది ఆ పేరే. కాలు నిలవదు, మనసు నిలవదు, ఎక్కడ వదిలితే అక్కడ గిరగిరా తిరిగి పడిపోతుంది. ఇంటికి వచ్చినవాళ్ళకి నన్ను పరిచయం చేసేది ఆ పేరుతోనే.

ఊరు నేనే ఎంచానన్నది నిజం. ఆ పెద్దావిడ రమ్మన్నదీ, మనం వెళ్దామనుకున్నదీ ఒకేసారి వచ్చాయి. ఒక్కదాన్నే ఇంకో వారం వెళ్ళి రావచ్చు. కానీ మీ ఇద్దరూ వెనక నడుస్తుంటే వెళ్ళాలనిపించింది. నీకు చెబితే నవ్వుకుంటావేమో. నాకు చిన్నప్పుడు ఒక్క ఆదివారమూ రాలేదక్కా. నాకు వంతు వచ్చే వయసుకి నువ్వు నర్సింగు హాస్టలుకి వెళ్ళిపోయావు, అన్నయ్య సెలవు రోజుల్లో కళ్ళద్దాల దుకాణంలో పనికి కుదిరాడు, ఫ్లాస్కు అటక ఎక్కింది. మీ ఇద్దరూ నాన్నని ఎక్కడెక్కడికి తీసుకెళ్ళారో కథలుగా విన్నాను. రైలు యార్డుకి వెళ్ళడం, ఐసు ఫ్యాక్టరీ గోడకి చెయ్యి ఆనించి నిలబడటం, సగం కట్టిన సినిమాహాల్లో కుర్చీలు లేకుండా కూర్చోవడం. ఆ కథల్లో నేను ఎప్పుడూ లేను. ఉంటే ఎవరి చంకలోనో ఉన్నాను.

ఆ వంతెన మీద ఫ్లాస్కు బరువు భుజానికి తెలుస్తుంటే, వెనక మీ అడుగులు వినబడుతుంటే, ఇప్పుడు నేను పెద్దని అనుకున్నాను. ఇరవయ్యారేళ్ళకి. నువ్వేమో ముక్కు తుడుచుకుంటున్నావు.

ఈ ఉత్తరం అన్నయ్యకి కచ్చితంగా చదివి వినిపించు. దుకాణంలో అందరూ ఉన్నప్పుడు వద్దు.

కార్ఖానావాళ్ళకి ఇంకా బదులు చెప్పని, బొంగరం కాని
చెల్లెలు


ఏప్రిల్ 20

చెల్లీ,

ఈసారి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. పిల్లలు బావతో బయటికి వెళ్ళారు. నీ ఉత్తరం మీ అన్నయ్యకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "పెద్దావిడ ఎడమవైపు ఉందా? నేను కుడివైపు నిలబడ్డాను" అన్నాడు. వాడి బాధ అలా ఉంటుంది. అమ్మకి జిగురు సంగతి చెప్పాడట, అమ్మ కొంచెం నిరాశపడిందట.

నీకు ఒక్క ఆదివారమూ రాలేదన్నావు. వచ్చింది. నీకు గుర్తులేదు, అంతే. నీకప్పుడు ఐదేళ్ళు. నేను హాస్టలుకి వెళ్ళడానికి ముందటి వారం. ఫ్లాస్కు నాకే ఇవ్వబోతే నేనే అన్నాను నాన్నతో, ఈసారి చిన్నదానికి ఇవ్వమని. అది నీ మోకాళ్ళకి కొట్టుకునేది. మా ముగ్గుర్నీ వీధి చివర దాకా నడిపించావు, కుడికి తిప్పావు, మళ్ళీ కుడికి, మళ్ళీ కుడికి. మన ఇంటి ముందుకే వచ్చాం. అయిపోయిందనుకున్నాం. నువ్వు ఆగకుండా గుమ్మం వైపు చూడనైనా చూడకుండా మళ్ళీ వీధి చివరికి. అలా నాలుగు చుట్లు. నాలుగో చుట్టులో చాకలాయన ఇస్త్రీ ఆపి మరీ చూశాడు. మీ అన్నయ్యకి ఆకలేసి ఏడుపొచ్చింది. నాన్న మాత్రం చేతులు వెనక కట్టుకుని నీ వెనకే నడిచాడు, ఒక్క మాట అడగలేదు.

గుమ్మం దాటాక అడిగాడు, "ఎందుకమ్మా, ఒకే వీధి అన్నిసార్లు?" నువ్వు చెప్పావు, "లోపలికొస్తే అయిపోతుంది కదా. అక్క వెళ్ళిపోతుంది కదా." అప్పుడే నాన్న నిన్ను ఎత్తుకుని బొంగరం అన్నాడు. ఆ పేరు అప్పటిది. కాలు నిలవదని పెట్టింది కాదు. ఆ అర్థం ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో నాకు తెలియదు. నేనూ ఒక చెయ్యి వేసే ఉంటాను.

ఇంకో సంగతి. నేను వెనకపడింది విసుగుతో కాదే. నువ్వు ఫ్లాస్కు పట్టీ జారకుండా ఎడంచేత్తో పట్టుకుని, తల కాస్త ముందుకి వంచి, ఇంటి నంబర్లు చూసుకుంటూ నడిచావు. మీటర్లు చూడటానికి నాన్న అచ్చం అలాగే నడిచేవాడు. వంతెన దిగేసరికే నాకు ముందు ఏమీ కనబడలేదు. చలి అని చెప్పాను మీ అన్నయ్యకి. వాడికీ చలే వేసింది.

ఇప్పుడు నిజం చెబుతాను. ఆ మనిషి నీకు ఏమీ కాడని తెలిశాక నాకు ఊరట కలగాలి. కలగలేదు. భయం వేసింది. మనిషి కోసం వెళ్తే ఎప్పుడో ఒకప్పుడు అలిగో, విసిగో, పిల్లల్ని ఎత్తుకునో వస్తావు. నేను తలుపు తీస్తాను. పని కోసం వెళ్ళినవాళ్ళు రారు. కాన్పుల వార్డు వదిలి నేను ఏ పండక్కి వచ్చాను ఇంటికి? అందుకే ఆ గడ్డాన్నే నమ్మాలనిపించింది నాకు.

ఉండిపోవే. మీ అన్నయ్య దుకాణం పైగది ఖాళీగా ఉంది. అక్కడ నీ బంతులు, నీ జిగురు పెట్టుకో, వాడే రంగులు తెప్పిస్తానన్నాడు. ఎవరూ అడ్డు చెప్పరు. ఆదివారాలు ఎవరో ఒకరం వస్తాం.

మన ముగ్గురికీ ఒక గుమ్మం లేదు కాబట్టి నా ప్రశ్న కాగితం మీదే అడుగుతున్నాను. కట్టుబాటు ప్రకారం నిజం చెప్పాలి. మమ్మల్ని అక్కడికి ఎందుకు తీసుకెళ్ళావు? వెళ్ళొద్దు అంటామేమోనని చూడటానికా?

అక్క


ఏప్రిల్ 26

అక్కా,

నీ ఉత్తరం గదిలో నిలబడే చదివాను, తర్వాత కూర్చుని చదివాను. నాలుగు చుట్లు నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. చాకలాయన ఇస్త్రీపెట్టె మాత్రం గుర్తొచ్చింది, అందులో ఎర్రగా బొగ్గులు. అది ఆ రోజుదే అనుకుంటున్నాను. నువ్వు కాదన్నా అదే అనుకుంటాను.

నీ ప్రశ్నకి నిజం చెబుతున్నాను. వెళ్ళొద్దంటారా అని చూడటానికి కాదు. ఒక పనిని నేను నిదానంగా, చింపకుండా, అంచు కలిపి చెయ్యడం మీ ఇద్దరూ ఒక్కసారి చూడాలని. నేను ఒకచోట కదలకుండా నిలబడి ఉండగా చూడాలని. గాజులోంచైనా సరే. మూడు ముక్కలు అతికించేంతసేపు నేను కాలు కదపలేదక్కా, నువ్వు చూసే ఉంటావు. మీ కళ్ళు మాత్రం మణికట్ల దగ్గరే ఆగిపోయి ఉంటాయి.

అన్నయ్యకి ఇంకా ఒక ప్రశ్న మిగిలి ఉంది. వాడు ఎప్పుడు అడిగినా చెబుతాను. ఈలోగా వాడి కోసం ఒక మాట. శనివారం గోడౌన్ల దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళాడో నేనూ అడగలేదు. నువ్వు అడిగావా? అడిగి నాకు రాయి. ఊరికే ట్రాం ఆఖరి స్టాపు ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళి ఉంటాడని నా అనుమానం. వాడినేమో ఎవరూ బొంగరం అనలేదు.

అమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పాను. "అయితే గడ్డం లేనట్టేనా?" అంది. లేదన్నాను. ఆ వెంటనే, అక్కడ నీళ్ళు వేడిగా వస్తాయా అని అడిగింది.

దుకాణం పైగది సంగతి. ఎండాకాలం ఆ గది ఎలా కాగిపోతుందో అన్నయ్యకి తెలుసు, కాగితం ఒక పక్క అతికిస్తుంటే ఇంకో పక్క ఆరిపోతుంది. అది కారణం కాదు. గది చల్లగా ఉన్నా నేను ఆ పని ఒక్కదాన్నే నేర్చుకోలేను. మణికట్టు బిగిస్తున్నానని చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి. ఇంకా నాకు ఆ సందు కావాలి, ఆ బల్ల కావాలి. పొద్దున్నే లేచి ఎవరికీ 'మీ పాలసీలో రాదండీ' అని చెప్పక్కర్లేని రోజు కావాలి.

పని కోసం వెళ్ళినవాళ్ళు రారన్నావు. నువ్వు రాలేదు, నిజమే. కానీ వెనకాల వచ్చావు, ఆ వంతెన మీద, పది అడుగుల దూరంలో.

నిన్న పెద్దావిడకి ఔనని రాశాను. ఆఫీసులో రాజీనామా ఇచ్చాను. జూన్ మొదటి వారంలో పనిలో చేరుతున్నాను. ఫ్లాస్కు నా దగ్గరే ఉంది, నాతోనే తీసుకెళ్తున్నాను.

బొంగరం